జల్లెడ డబ్బా

మార్చి 4

బావమరిదికి,

ఎలా ఉన్నావని అడగను. బాగోకపోతే ఈపాటికి మీ అక్క ముక్కు చీదుతూ నాకు చెప్పి ఉండేది. ఫోన్లు ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. నా ఫోన్ మోగితే ముందు ఎత్తేది మీ అక్కే. మెసేజ్ వస్తే వీధి చివరిదాకా వినపడేలా చదివేదీ ఆమే. ఇది ఆమెకి తెలియకూడని సంగతి. అందుకని జవాబు ఇంటికి కాకుండా షాపు అడ్రసుకి రాయి.

మీ అక్క కుడి కంట్లో శుక్లం ముదిరింది. టౌనులో కంటి డాక్టరమ్మకి చూపించాను. ఇది ఉబ్బే రకం, ఆలస్యం చేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోతుంది, తర్వాత ఆపరేషన్ చేసినా పోయింది తిరిగి రాదు అందావిడ. తేదీ మెసేజ్‌లో పంపుతాం, ఖాయం చేసుకోండి అంది. మీ అక్క బుద్ధిమంతురాలిలా తలూపింది. ఇంటికి రాగానే ఫోన్లో శుక్లం అని ఒక్కసారి వెతికింది.

అంతే. ప్రపంచంలో కంటిచుక్కలు అమ్మేవాళ్ళంతా మా ఇంటి మీద పడ్డారు. కత్తి లేదట, కోత లేదట, శుక్లం వెన్నలా కరిగిపోతుందట. తెల్లకోటు వేసుకున్న ముసలాడు ఒకడు చెప్తాడు. అదే ముసలాడు పొద్దున బట్టతలల మీద జుట్టు మొలిపిస్తాడు, సాయంత్రం అరిగిన మోకాళ్ళు అతికిస్తాడు. వాడి నెత్తిన మాత్రం ఒక్క వెంట్రుక లేదు. మీ అక్కకి అది కనపడదు, కంటిజబ్బు కదా.

ఆమె ఫోన్లో సీరియల్ కథలు చదువుతుంది. కన్ను ఆనక అక్షరాలు లావు చేసుకుంది. తెర మీద నాలుగు మాటలు కథ, మిగతాదంతా ముసలాడు. టీవీ కూడా నెట్ మీదే నడుస్తుంది కాబట్టి అక్కడా వాడే. ఇప్పటికే చుక్కల సీసాలు కిటికీలో వరసగా నిలబడ్డాయి. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూశాను. ఉప్పునీళ్ళు. మా షాపులో బ్యాటరీలో పోసే నీళ్ళకైనా ఇంతకంటే పనుంటుంది. ఆపరేషన్ మాటెత్తితే "ఈ సీసా అవ్వనివ్వండి, చూద్దాం" అంటుంది. సీసా అవ్వకముందే ఇంకోటి వస్తుంది.

నువ్వు ఏదో కంపెనీలో, కంప్యూటర్లకి చలి పుట్టించే గదిలో కూర్చుని వైర్లు చూసుకుంటావట కదా. ఈ ప్రకటనలు మా ఇంటికి రాకుండా ఆపగలవా? చేతనైతే చెయ్యి. చేతకాకపోతే ఆ ముక్కే రాయి. పెళ్ళిచూపులప్పుడు మీ నాన్న నీ తెలివి గురించి చెప్పినవన్నీ ఇన్నాళ్ళూ మోస్తున్నాను, దించేసుకుంటాను.

నీ బావ

మార్చి 11

బావా,

నీ ఉత్తరం అందింది. దస్తూరీ చూసి ముందు కాలిపోయిన మోటారు కాయిల్ ఫోటో పంపావనుకున్నాను. నువ్వు రీవైండింగ్ చేసిన మోటార్లు తిరుగుతున్నాయంటే రైతుల ఓపిక గొప్పదే.

చేతకాకపోవడమేమిటి? అదేమన్నా విద్యా? చెప్తాను, నెమ్మదిగా చదువు. ఫోనుకి పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. ఏ పేజీ తెరిచినా ముందు ఒకడి దగ్గరికి పోయి "ఫలానా పేరుగలవాడి నంబరెంత?" అని అడుగుతుంది. ఆ చెప్పేవాణ్ణి డీఎన్‌ఎస్ అంటారు. అక్క కథ పేజీ తెరిచినప్పుడు కథవాడి నంబరు ఒక్కటే అడగదు, వాడి చొక్కా పట్టుకుని వేలాడే ప్రకటనలవాళ్ళ నంబర్లన్నీ అడుగుతుంది. ఇప్పుడు ఆ చెప్పేవాడు మీ నెట్ కంపెనీలో కూర్చుని, ఎవరి గురించి అడిగినా చెప్పేస్తున్నాడు. మనం మన మనిషిని ఇంట్లోనే కూర్చోబెడదాం. వాడి దగ్గర దొంగల జాబితా ఒకటి ఉంటుంది. అందులోని పేరు అడిగితే "అలాంటివాడెవడూ లేడు" అంటాడు. నంబరు తెలియకపోతే ఫోను ఎక్కడికి పోతుంది? నీ ముసలాడు వీధి మలుపు కూడా తిరగడు. ఇంట్లో ఫోన్లకీ టీవీకీ అన్నిటికీ ఒకే జల్లెడ. ఒక్కో ఫోను పట్టుకుని కుస్తీ పట్టక్కర్లేదు.

పార్సెల్‌లో చిన్న డబ్బా వస్తుంది. అదే ఆ మనిషి. దాని తీగ రౌటరుకి తగిలించు. తర్వాత రౌటరు సెట్టింగుల్లోకి పో (ఎలాగో వేరే కాగితం మీద బొమ్మలు గీశాను, బడిపిల్లలకి గీసినట్టు). అక్కడ డీఎన్‌ఎస్ అని రెండు గడులుంటాయి. రెండింట్లోనూ 192.168.1.5 అనే వెయ్యి. రౌటరు ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి. స్క్రూడ్రైవరు అక్కర్లేదు, దయచేసి తియ్యకు. డబ్బా పాస్‌వర్డ్ నీకు చెప్పను, కెలుకుతావు.

వీడియోల మధ్యలో వచ్చేవి మాత్రం దీనితో ఆగవు. వాళ్ళు వీడియోనీ ప్రకటననీ ఒకే గుమ్మంలోంచి పంపుతారు. అక్క చదివేది కథలే కాబట్టి ఫరవాలేదు. ఉన్నవాటిలోకెల్లా పెద్ద జాబితా వెతికి ఎక్కించాను. చిన్నవాటితో మా అక్క బాగుపడదు. సబ్బు రాసుకుంటే గోడ మీది బొమ్మలా తెల్లగా అవుతానని చిన్నప్పుడు నాతో పందెం కాసిన మనిషి ఆమె.

ఆమెకి చెప్పకు. చెప్తే వాదిస్తుంది. ఆమెతో వాదించే ఓపిక నీకూ లేదు, నాకూ లేదు.

నీ బావమరిది

మార్చి 23

బావమరిదికి,

నీ డబ్బా వచ్చింది. ఇంత ప్రగల్భాలకి ఇంతే సైజా అనుకున్నాను.

పెట్టాను. ప్రకటనలు సగం ఆగాయి, సగం వచ్చాయి. ముసలాడు పొద్దున మాయమై మధ్యాహ్నం ప్రత్యక్షమయ్యాడు. నిన్ను బాగా తిట్టుకుని నీ బొమ్మల కాగితం మళ్ళీ తీశాను. రెండో గడిలో పాత నంబరే ఉంచేశాను, ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుందని. మా పనిలో అలాగే చేస్తాం, ఒక బేరింగు స్పేర్‌గా దగ్గరుంటుంది. మీ పనిలో స్పేర్ ఉంటే దొంగకి దొడ్డిదారి అన్నమాట. సరే, రెండింట్లోనూ నీ నంబరే వేశాను. సంతోషించు.

ఇప్పుడు ముసలాడు పోయాడు. వాడు ఉండే చోటంతా ఖాళీ. మీ అక్క ఫోను అటూ ఇటూ తిప్పి, తెర తుడిచి, "ఏమిటో బోసిగా ఉందండీ" అంది. మంచి కస్టమర్లకి నెట్ కంపెనీ ప్రకటనలు తీసేసిందని చెప్పాను. "మనమెప్పటినుంచి మంచి కస్టమర్లం?" అంది. టీవీ వెనక మిణుకుమిణుకుమంటున్న డబ్బా చూసి ఇదేమిటంది. వోల్టేజి సరిచేసేదన్నాను. ముప్పయ్యేళ్ళుగా మోటార్ల వైండింగ్ చేసేవాడి భార్య, నమ్మేసింది. నమ్మడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

కొత్త సీసా రాలేదు. ఉన్నది అడుగంటింది. ఇక ఆసుపత్రి మెసేజ్ రావడమే తరువాయి. కుట్టడానికి స్కూలు యూనిఫాంలు బోలెడన్ని ఒప్పుకుంది. కాజాలు కుట్టేటప్పుడు బట్టని ఎడమ కంటి దగ్గరికి లాక్కుంటోంది, వాసన చూస్తున్నట్టు. వద్దంటే వినదు.

నువ్వు చెప్పినట్టే జరిగిందని ఒప్పుకుంటున్నాను. ఇది చట్రం కట్టించి గోడకి తగిలించుకో, మళ్ళీ రాయను.

నీ బావ

ఏప్రిల్ 2

బావా,

చట్రం కట్టించాను. ఇప్పుడు విషయానికి వద్దాం.

ఆదివారం అక్కతో ఫోన్లో మాట్లాడాను. ఆపరేషన్ ఎప్పుడక్కా అంటే "మీ బావనడుగు. ఈ ఇంట్లో నా కంటికి దారి లేదు" అంది. ఇంకేమన్నా అడిగితే మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఏమీ వినపడదని ఆమెకి తెలుసు.

నాకు అర్థమైంది. చుక్కల ముసలాడు పోయాడు, ఇప్పుడు నువ్వు తయారయ్యావు. ఎండాకాలం, మోటార్లు వరసపెట్టి కాలిపోతాయి, షాపు మూసి ఆసుపత్రిలో కూర్చోవాలంటే నీ ప్రాణం మీదికి వస్తుంది. అంతేనా? అలాగైతే మొదట్లోనే చెప్పాల్సింది. నేను సెలవు పెట్టి వచ్చి తీసుకెళ్ళేవాణ్ణి. డబ్బా పంపి, జాబితా ఎక్కించి, నీకు బొమ్మలు గీసి, ఇంత చేసింది నువ్వు తీరిగ్గా కూర్చోడానికా?

మీ షాపు ముందు బెంచీ మీద కూర్చుని టీ తాగేవాళ్ళకి నువ్వు లేకపోతే పొద్దుపోదని తెలుసు. అక్క కంటికంటే వాళ్ళ పొద్దు ముఖ్యమా?

నీ బావమరిది

ఏప్రిల్ 9

బావమరిదికి,

నువ్వు నాకు చెప్పేవాడివయ్యావు. మీ అక్క సంగతి తెలియకుండా నోరు పారేసుకోకు.

ఆసుపత్రి నుంచి మెసేజ్ ఎప్పుడో వచ్చింది. తేదీ ఖాయం చేసుకోడానికి ఇక్కడ నొక్కండి అని. మీ అక్క దాన్ని పట్టుకుని షాపుకే వచ్చింది.

"తెరుచుకోవట్లేదండీ" అంది.

"ఏది?"

"ఆసుపత్రిది. ఇంట్లో ఎన్నిసార్లు నొక్కినా తెల్లగా వస్తోంది."

"నీకు అన్నీ తెల్లగానే వస్తాయి. అందుకే కదా ఆపరేషన్ చేయించుకోమంటోంది!" అన్నాను.

బెంచీ మీద వాళ్ళు నవ్వారు. నవ్వే మాటే కదా. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి పోయింది.

తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది. ఇదే చివరిసారి, ఈ పద్దెనిమిదో తేదీకి చోటుంది, ఖాయం చెయ్యకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం అని. దానికీ అదే పాట, తెల్లగా వస్తోందట. ఆసుపత్రికి ఫోన్ చేస్తే రికార్డు మాట్లాడుతోందట, మెసేజ్‌లోనే నొక్కండని. నాకు ఒళ్ళు మండింది. "ముసలాడి చుక్కలు నొక్కగానే తెరుచుకునేవి. డాక్టరమ్మది మాత్రం తెరుచుకోదేం? భయమేస్తే భయమని చెప్పు, ఫోను మీద ఎందుకు తోస్తావు?" అన్నాను. ఆ రోజు నుంచి నాతో మాటలు లేవు. అన్నం గిన్నె బల్ల మీద పెడుతుంది, నా వంక చూడదు. తల నొప్పి అంటూ కన్ను మూసుకుని మిషన్ తొక్కుతోంది.

ఇదీ మీ అక్క. ప్రకటనలు ఆపాం, నాటకాలు ఎలా ఆపాలో దానికేమన్నా డబ్బా ఉందా?

నీ బావ

ఏప్రిల్ 14

బావా,

ముందు ఆ డబ్బా పీకెయ్.

నీకు ఫోన్ చేస్తుంటే నా పేరు చూసి కట్ చేస్తున్నావు. అక్క అసలు ఎత్తడం లేదు. అందుకని కొరియర్‌లో పంపుతున్నాను. తిట్లు తర్వాత తిట్టుకుందాం.

అక్క నాటకమాడలేదు. మొన్న ఆ మెసేజ్ నాకు పంపింది, ఒక్క మాట కూడా రాయకుండా. నొక్కితే నాకు చక్కగా తెరుచుకుంది. ఆసుపత్రి పేరు, అక్క పేరు, పద్దెనిమిదో తేదీ, అన్నీ ఉన్నాయి. ఖాయం చెయ్యబోతే కోడు అడిగింది, అది అక్క ఫోనుకే పోతుంది. "చూస్తానక్కా" అని మాత్రం రాశాను. అసలు సంగతి రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ లింకు సూటిగా ఆసుపత్రికి పోదు. ఎంతమంది నొక్కారో లెక్కపెట్టే కంపెనీ ఒకటుంది, ముందు దాని గుమ్మం తొక్కి తర్వాత ఆసుపత్రికి పోతుంది. ఆ కంపెనీ ప్రకటనలవాళ్ళకీ అదే లెక్క కడుతుంది కాబట్టి దాని పేరు మన జాబితాలో ఉంది. గుమ్మం దగ్గరే "అలాంటివాడెవడూ లేడు" అని మన డబ్బా చెప్తోంది. అందుకే తెల్ల పేజీ. రోగులకి పంపే లింకుని కూడా లెక్కల కొట్టు గుండా తిప్పే ఆ ఆసుపత్రివాళ్ళకి బుద్ధి లేదు. అక్క ఇన్నిసార్లు చెప్పినా ఒక్కసారి ఆ ఫోను చేతిలోకి తీసుకుని చూడని నీకూ లేదు. పెద్ద జాబితా నేనే ఎక్కించానని నాకు తెలుసు, దాని మీద నీ ఉపన్యాసం తర్వాత వింటాను.

డబ్బా పీకే ముందు రౌటరులో రెండు గడుల్లోనూ పాత నంబర్లు తిరిగి వెయ్యాలి, లేకపోతే మొత్తం నెట్టే ఆగిపోతుంది. పాత నంబర్లు బొమ్మల కాగితం వెనక రాసి ఉన్నాయి. తర్వాత అక్కతో ఆ లింకు నొక్కించు. పద్దెనిమిది దాటనివ్వకు. నిజం నువ్వే చెప్పు.

నీ బావమరిది

ఏప్రిల్ 18

బావమరిదికి,

ఉత్తరం రాసే పద్ధతి నీకెవడు నేర్పాడు? మొదటి ముక్క "డబ్బా పీకెయ్" అని రాసి, పీకే ముందు ఏం చెయ్యాలో ఆఖర్న రాస్తావా? మొదటి ముక్క చదివి షాపు నుంచి పరిగెత్తుకుంటూ పోయి పీకేశాను. మొత్తం నెట్ పడుకుంది. ఏమీ తెరుచుకోదు. మిగతాది చదువుదామంటే ఉత్తరం షాపులోనే ఉండిపోయింది. మళ్ళీ వెళ్ళి తెచ్చి, గడుల్లో పాత నంబర్లు వేసి, అంతా సరిచేసి మీ అక్కని పిలిచాను.

ఇంట్లో లేదు.

ఫోను కూడా ఆమెతోనే పోయింది. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. కుట్టిన యూనిఫాంలు ఒకవైపు, కుట్టనివి ఒకవైపు కట్టి, వాటి మీద స్కూలు పేరు రాసి పెట్టింది. ఎదురింటామెని అడిగాను. పొద్దున్నే చేతిసంచితో బస్సెక్కింది, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచింది, "మీకు చెప్పలేదా?" అంది. ఆమె చూసిన చూపు నీకు రాయను. ఫోన్ చేస్తే స్విచాఫ్.

టౌను బస్సుకి పోతున్నాను. ఇది బస్టాండులో రాస్తున్నాను. మనిద్దరి తెలివీ కలిపి అమ్మకానికి పెడితే ఎవడూ ఊరికే కూడా తీసుకోడు.

నీ బావ

మే 3

చిన్నోడా,

ఈ ఉత్తరం షాపు నుంచి కాదు, ఇంటి నుంచి. అక్షరాలు లావుగా, వంకరగా ఉన్నాయని నవ్వుకో. కుడి కంటికి కట్టు ఉంది, ఎడమదానితో రాస్తున్నాను.

మీ ఉత్తరాలన్నీ చదివాను. షాపులో వార్నిష్ డబ్బాల వెనక దాచాడు మీ బావ, నీకు రాసినవాటి చిత్తుకాగితాలతో సహా. దాచడం కూడా రాదు. "నాటకాలు ఎలా ఆపాలి" అని రాశాడు చూడు, అది రెండుసార్లు చదివాను. సబ్బు పందెం నువ్వు ఇంకా మరిచిపోనందుకు సంతోషం. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇప్పుడు యాభై దాటాయి. నీకు తేడా తెలియలేదు.

యూనిఫాంలు ఇవ్వడానికి స్కూలుకి వెళ్ళినప్పుడు ఆసుపత్రి లింకు నొక్కితే తెరుచుకుంది. కొలతలు తీసుకోమని టీచరమ్మ పిలుస్తోందని మూసేశాను, ఇంటికెళ్ళి తీరిగ్గా చేసుకోవచ్చనుకున్నాను. ఇంటికొస్తే తెల్లగా అయిపోయింది. ఇంటి నెట్ అందని వీధి మలుపు దాకా వెళ్ళాను, తెరుచుకుంది. గేటు లోపలికి వచ్చాను, తెల్లబడింది. అలా అటూ ఇటూ నడుస్తుంటే ఎదురింటామె బయటికొచ్చి "ఏమైంది వదినా, ఏమన్నా పోయిందా?" అంది. అవునన్నాను. కొత్తగా ఇంట్లోకి వచ్చింది ఆ వోల్టేజి డబ్బా ఒక్కటే. వోల్టేజి సరిచేసేదానికి నెట్ తీగ ఎందుకుంటుంది? ఆ మాత్రం నాకు తెలియదనుకున్నాడు. ఏదో ఉందని అప్పుడు తెలిసింది. ఎందుకో తెలియలేదు. ఆపరేషన్ తప్పించడానికి మీ బావే చేశాడనుకున్నాను. వీధి మలుపులోనే ఖాయం చేసెయ్యాల్సింది, ఎందుకు చేశాడో తేలాకే చేస్తానని పంతం పట్టాను. నీకు మెసేజ్ పంపాను, నువ్వయినా చెప్తావేమోనని. "చూస్తానక్కా" అన్నావు. నువ్వూ ఇందులో ఉన్నావని అప్పుడు తెలిసింది.

పదిహేడో తేదీ రాత్రి కన్ను ఎర్రబడింది, తల పగిలిపోయింది. వీధి మలుపులో నిలబడి తేదీ ఖాయం చేద్దామని చూస్తే చోటు అయిపోయిందని వచ్చింది. తెల్లారగానే బస్సెక్కాను. కౌంటరు దగ్గర అమ్మాయి "మీరు లింకు నొక్కలేదండీ" అంది. ఎంతమంది ఇళ్ళలో తెరుచుకోవట్లేదో కనుక్కో అన్నాను, నా మొహం వంక చూసి డాక్టరమ్మని పిలిచింది. ఒత్తిడి పెరిగిపోయిందట. ఆ రోజే చేసేశారు. మీ బావ వచ్చేసరికి కట్టు కట్టి పడుకోబెట్టారు. మంచం పక్కన నిలబడి "నెట్ బాగైంది" అన్నాడు. ముందుగా అతని నోట వచ్చిన మాట అది.

కట్టు విప్పినప్పుడు వేళ్ళు ఎన్నో చెప్పగలుగుతున్నాను. సూది రంధ్రం కనపడదు. కొన్నాళ్ళు ముందు వచ్చి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి ఆపేసింది. నేను పూర్తి చెయ్యమనలేదు.

చుక్కల సంగతి రాస్తాను, మళ్ళీ అడగొద్దు. అవి నీళ్ళని మొదటి సీసాకే తెలుసు. కంట్లో కత్తి పెడతారంటే నాకు భయమేసింది. భయమని చెప్తే మీ బావ బెంచీ మీది వాళ్ళకి చెప్తాడు, నువ్వు వచ్చినప్పుడల్లా ఎత్తిపొడుస్తావు. చేతిలో సీసా ఉంటే పిచ్చిది అనుకుంటారు, అంతటితో వదిలేస్తారు. యూనిఫాంల పని అయ్యేలోగా భయం పోతుంది, అప్పుడు చేయించుకుందాం అనుకున్నాను. మెసేజ్ వచ్చిన రోజు ఆ భయం పోయింది కూడా. అందుకే షాపుకి వచ్చాను. నన్ను చూసి నవ్వారు.

ఆ తెల్లకోటు ముసలాడు అబద్ధాలకోరే. అయినా డాక్టరమ్మ పంపినదాన్ని నాకు అందకుండా ఆపింది వాడు కాదు.

మీ బావ ఇప్పుడు నాకు సూదిలో దారం ఎక్కించి ఇస్తున్నాడు. రాగితీగలా మెలిపెడతాడు, సగం దూరం రాగానే ముడిపడుతుంది. ఏమీ అనడం లేదు నేను. అనకపోతే ఇంకా జాగ్రత్తగా చేస్తున్నాడు.

డబ్బాని చెత్తలో వెయ్యబోయాడు. ఆపాను. తిరిగి పెట్టించాను. ప్రకటనలు లేని కథ చదవడం హాయిగానే ఉంది, ఉన్న ఒక్క కన్నూ వాళ్ళకి ఎందుకు ఇవ్వాలి? అయితే ఆ జాబితాలో ఎవరు ఉండాలో, ఎవరు ఉండకూడదో ఇకనుంచి నేను చూసుకుంటాను. దాని పాస్‌వర్డ్ మీ బావకి చెప్పలేదు నువ్వు, కెలుకుతాడని. నాకు పంపు. ఒక పేరుని జాబితాలోంచి తీసెయ్యాలంటే ఏం నొక్కాలో వరసగా రాయి, ముందు చెయ్యాల్సింది ముందు రాయి. ఎగతాళి వద్దు. బొమ్మలూ వద్దు.

పెద్ద అక్షరాలతో రాయి. చదివి పెట్టమని మీ బావని అడగను.

అక్క